ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. టీచరుగా రిటైరయ్యాను. ప్రస్తుతం మావారూ నేనూ సిడ్నీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. వచ్చే నెల పిల్లలు మమ్మల్ని ఓడలో పసిఫిక్ దీవులకు తీసుకెళ్తున్నారు. ఫిజీలో ఒక రోజు లౌతోకలో, ఇంకో రోజు ద్రావుని అనే చిన్న దీవి దగ్గర ఓడ ఆగుతుంది. లౌతోకలో దిగాక ఒక సంప్రదాయ గ్రామం చూపించే టూరు మా కోడలు బుక్ చేసింది. మనుషులు కాపురాలు చేసుకుంటున్న ఊరిని టికెట్ కొని చూడటం ఏమిటా అని నా మనసు ఒప్పుకోవడం లేదు. మావారు మాత్రం ‘వాళ్ళే రమ్మంటుంటే నీకెందుకు టెన్షన్’ అంటున్నారు. వెళ్ళొచ్చా? వెళితే ఏం కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి? అక్కడ ఏదో కషాయం ఇస్తారట, తాగి తీరాలా? మేం శాకాహారులం. పైగా నాకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేను.

సమాధానం:

టీచరుగారూ, వెళ్ళండి. ‘టికెట్ కొని మనుషుల్ని చూడటమా’ అని మీకొచ్చిన అనుమానాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. అది మనసులో ఉన్నవాళ్ళు ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఫోన్ తీసి ఇళ్ళలోకి గురిపెట్టరు.

మన పల్లెల్లో కొత్త మనిషి వీధిలో కనిపిస్తే అరుగు మీది పెద్దాయన ‘ఎవరి తాలూకు బాబూ?’ అని అడుగుతాడు కదా. ఫలానా వారి తాలూకు అని చెబితే చాలు, మంచినీళ్ళు వస్తాయి, మంచం వాలుస్తారు. చెప్పలేకపోతే మాత్రం ఆ మనిషి వీధి దాటేవరకూ పది కళ్ళు వెంటే ఉంటాయి. ఫిజీ ఊళ్ళోనూ ఇదే పద్ధతి. కాకపోతే వాళ్ళు దాన్ని ఒక క్రతువులా చేస్తారు. దాని పేరు సెవుసెవు. వచ్చినవాళ్ళు యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట ఒకటి తెచ్చి ఊరి పెద్ద ముందు పెట్టి, మీ నేల మీద అడుగుపెట్టడానికి అనుమతి ఇవ్వండని అడుగుతారు. ఆయన ఆ కట్టను అందుకున్నాడంటే మీరిక ఆయన తాలూకు మనుషులు. ఆ పూట మీ మంచిచెడ్డలు ఊరివి.

మీ టూరులో ఈ సెవుసెవు ఉందో లేదో మీ కోడలిని కనుక్కోమనండి. ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. వ్యాన్ దిగి, ఫోటోలు తీసుకుని, అరగంటలో మళ్ళీ వ్యాన్ ఎక్కే టూరైతే ఆ డబ్బు వెనక్కి తీసుకుని లౌతోక బజారు తిరిగి రండి. ఊరికి ఎంత ముడుతుందో కూడా అడగండి. ఇది అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఊరి నిధికి ఇంత ఇస్తాం, మిగతాది వ్యాన్‌కీ గైడ్‌కీ అని తిన్నగా చెప్పగలిగినవాళ్ళు సాధారణంగా ఊరితో మంచిగా ఉన్నవాళ్ళే అయి ఉంటారు.

సొంతంగా టాక్సీ మాట్లాడుకుని, కబురు చేయకుండా ఏదో ఒక ఊళ్ళోకి వెళ్ళడం మాత్రం వద్దు. రోడ్డు పక్కన ఊరు ఖాళీగా, పచ్చగా కనిపిస్తుంది. గేటూ ఉండదు, కాపలావాడూ ఉండడు. అయినా అది ఒకరి వాకిలే. ప్రతి ఊరికీ బయటి వ్యవహారాలు చూసే మనిషి ఒకరుంటారు, తురంగా ని కోరో అంటారు. ముందు ఆయనకు తెలియాలి.

లౌతోక నుంచి వెళ్ళే టూర్లలో ఎక్కువగా వినిపించే పేరు విసెయిసెయి. నాందీ, లౌతోకల మధ్య సముద్రం ఒడ్డున ఉంటుంది. (ఇంగ్లీషులో నాడి అని రాసి ఉంటుంది, పలకడం మాత్రం నాందీ. వాళ్ళ రాతలో ‘డి’ ముందు ‘న’ దాగి ఉంటుంది.) ఫిజీయన్ల పూర్వీకులు మొట్టమొదట దిగిన చోటు ఆ తీరమేనని వాళ్ళ నమ్మకం. మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తే ఒక సంగతి ముందే చెబుతున్నాను. పోస్టర్లలో చూపించే గడ్డి కప్పుల ఇళ్ళే వరసగా ఉంటాయనుకోకండి. రేకుల కప్పులు, సిమెంటు గోడలు, సోలార్ పలకలు, అందరి చేతుల్లో ఫోన్లు కనిపిస్తాయి. ‘ఇదేం సంప్రదాయ గ్రామం’ అని మీ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఆ దేశం మీద విరుచుకుపడి 44 మందిని పొట్టన పెట్టుకుంది. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. దివిసీమ ఉప్పెన సంగతి తెలిసిన ప్రాంతం వారు మీరు. ఆ తర్వాత మనవాళ్ళు పాకలు వదిలి పక్కా ఇళ్ళు ఎందుకు కోరుకున్నారో మీకు వేరే చెప్పాలా? వాళ్ళ సంప్రదాయం ఇంటి కప్పులో లేదు. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు ముందు తాగాలి, భూమి ఎవరిది అన్న లెక్కలో ఉంది.

ఆ భూమి సంగతి మనవాళ్ళు తెలుసుకుని వెళ్ళాలని నా కోరిక. ఫిజీలో నూటికి 85 ఎకరాలకు పైగా భూమి ఇప్పటికీ అక్కడి మూలవాసుల వంశాల చేతుల్లో ఉమ్మడిగా ఉంది. కౌలుకు ఇస్తారు, అమ్మడానికి లేదు. 1874లో ఫిజీ బ్రిటిష్ వారి పాలనలోకి వెళ్ళింది. మరుసటి ఏడాది గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గోర్డన్ ఊళ్ళను కదిలించకూడదని, వాళ్ళ భూమి అమ్ముడుపోకూడదని, వాళ్ళను చెరకు తోటల్లోకి కూలికి తోలకూడదని నిర్ణయించాడు. మరి చెరకు ఎవరు నరకాలి? అందుకు మనదేశం నుంచి మనుషుల్ని తెచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి జట్టుతో ఫిజీ చేరింది. 1916 వరకూ 60 వేల మందికి పైగా వెళ్ళారు. ఐదేళ్ళ ‘అగ్రిమెంట్’ వాళ్ళ నోట ‘గిర్‌మిట్’ అయింది, వాళ్ళు గిర్‌మిటియాలయ్యారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఓడలు కదిలాయి. అలా వెళ్ళిన సుమారు 15 వేల మందిలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళూ ఉన్నారు. 1941లో అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు కూడా.

ఆ ఊరు ఊరుగా నిలిచిందంటే అందులో మనవాళ్ళ చెమట కొంత ఉంది. దీన్ని అక్కడ చెప్పుకోమని కాదు, మీ మనసులో ఉంచుకోమని రాస్తున్నాను. ఈ రెండు జాతుల మధ్య భూమి, రాజకీయం దగ్గర చాలా నొప్పి ఉంది. 1987లో జరిగిన సైనిక కుట్రల తర్వాత వేలాది భారతీయ కుటుంబాలు దేశం వదిలి వెళ్ళిపోయాయి. చాప మీద కూర్చుని ఎత్తే విషయం కాదు అది. వాళ్ళే కదిపితే వినండి. మిమ్మల్ని చూసి ఊళ్ళో ఒకరిద్దరు హిందీలో పలకరించినా ఆశ్చర్యపోకండి, చాలామందికి వస్తుంది.

ఇక కట్టుబొట్టు. మీకు ఇబ్బందే లేదు. చీర గానీ చుడీదార్ గానీ నిక్షేపంగా సరిపోతుంది. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలన్నదే వాళ్ళ పట్టింపు. నిక్కర్లతో వచ్చిన మగవాళ్ళకు నడుముకు చుట్టుకోవడానికి సులు అనే బట్ట ఇస్తారు, మన లుంగీయే అనుకోండి. మీవారికి ప్యాంటు వేసి తీసుకెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యం టోపీ. ఊళ్ళో టోపీ పెట్టుకునే హక్కు పెద్దకే ఉంటుంది. ఎండగా ఉందని మగవాళ్ళు టోపీ తీయడం మరిచిపోయి అలాగే నడుస్తారు, ఊరి మొదట్లోనే తీయించండి. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకోవడం కూడా వద్దు. సంచీ భుజాన వేలాడదీయకుండా చేత్తో పట్టుకోండి. చెప్పులు గుమ్మం బయట విడవడం మీకు చెప్పక్కర్లేదు.

మనకు ఉన్న ఒక మంచి అలవాటే అక్కడ తప్పవుతుంది. పిల్లలు చుట్టూ చేరతారు, ముద్దొస్తారు. బడిలో ఏళ్ళ తరబడి పిల్లల తల నిమిరిన చేయి మీది, ఆ చేయి దానంతట అదే లేస్తుంది. ఆపుకోండి. వాళ్ళకు తల పవిత్రం, పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. చేయి కలపండి, ‘బులా’ అనండి, అంతకు పదింతల నవ్వు మీకు తిరిగొస్తుంది.

బులా అంటే నమస్కారం, అసలు అర్థం బతుకు. ధన్యవాదాలకు ‘వినాకా’. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే కాస్త వంగి ‘తులౌ’ అంటూ వెళ్ళాలి. ఈ మూడు మాటలు చాలు.

మీరు కషాయం అన్నది యంగోనా. బయట ప్రపంచం కావా అంటుంది. మిరియాల తీగకు, మన తమలపాకుకు దగ్గరి చుట్టం ఆ మొక్క. తాంబూలం ఇచ్చి పిలిచే మనకు, దాని దాయాది వేరుతో పలకరించే వాళ్ళ పద్ధతి అంత పరాయిదేం కాదనిపిస్తుంది నాకు. నేను చూసిన చోట ఎలా చేశారో చెబుతాను. గది నిండా మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలు, అంచుల్లో ఎర్రటి, పచ్చటి ఉన్ని కుచ్చులు. మధ్యలో పొట్టి కాళ్ళున్న పెద్ద చెక్క పాత్ర, తనోవా. ఒకాయన ఎండు వేళ్ళ పొడిని గుడ్డలో మూటగట్టి నీళ్ళలో ముంచి, బట్ట పిండినట్టు పిండి, మళ్ళీ ముంచి, మళ్ళీ పిండాడు. నీళ్ళు బురద రంగుకు తిరిగాయి. అంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. బయట ఎక్కడో కోడి కూత, ఆ గుడ్డ పిండిన చప్పుడు, అంతే.

యంగోనా పోసిన కొబ్బరి చిప్ప మీ దగ్గరికి వచ్చినప్పుడు అరచేతులు దొప్పలా చేసి ఒక్కసారి చప్పట్లు కొట్టి, బులా అని, ఒక్క గుక్కలో తాగి చిప్ప తిరిగిచ్చి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. మీకు తక్కువ కావాలంటే ‘లో టైడ్’ అనండి, నవ్వుతూ సగం చిప్పే పోస్తారు. రుచి మట్టి వాసనతో కాస్త వగరుగా ఉంటుంది. నాలుక, పెదవులు లవంగం నమిలినట్టు తిమ్మిరెక్కుతాయి, కాసేపటికి తగ్గిపోతుంది. సారాయి కాదు, శాకాహారమే. మొదటి చిప్ప తీసుకోవడం మర్యాద. అయితే లివరు జబ్బు ఉన్నవాళ్ళు, నిద్రమాత్రలు, మానసిక ఆందోళనకు మందులు వాడేవాళ్ళు, గర్భిణులు తాగకూడదు. మీరేవైనా రోజూ మందులు వేసుకుంటుంటే బయల్దేరే ముందే డాక్టరును అడగండి. వద్దంటే గైడుకు ముందే చెప్పి, చిప్పను రెండు చేతులతో తాకి, ‘మందులు వాడుతున్నాను, వినాకా’ అనండి. ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టేది ముఖం చిట్లించడాన్ని, పక్కవాళ్ళ చెవిలో గుసగుసలాడటాన్ని.

మోకాళ్ళ గురించి దిగులు పడకండి. కింద కూర్చోలేనని గైడుతో ముందే అంటే గోడ వారగా కుర్చీ వేస్తారు. వాళ్ళ ఊళ్ళోనూ ముసలివాళ్ళు ఉన్నారు, వాళ్ళకూ మోకాళ్ళు ఉన్నాయి. కాకపోతే పెద్ద కూర్చున్నాకే కూర్చోండి, ఆయన కన్నా ముందు వరసలో వద్దు. కాళ్ళు తనోవా వైపు చాపకూడదు.

భోజనం పెడితే చామదుంప, కర్రపెండలం, కొబ్బరిపాలల్లో ఉడికించిన చామాకు ధైర్యంగా తినొచ్చు. చామాకు కూర మన పులుసుకు దగ్గరగా ఉంటుందనుకోకండి, పులుపే ఉండదు, తియ్యగా కమ్మగా ఉంటుంది. కానీ అదే చామాకులో డబ్బా మాంసం వేసి చుట్టే వంటకం కూడా ఉంది, చూస్తే తేడా తెలియదు. వడ్డించాక కాకుండా ముందే అడగండి. నేలలో గొయ్యి తీసి కాల్చిన రాళ్ళ మీద వండే లోవోలో దుంపలు, కోడి, పంది మాంసం ఒకే గోతిలో ఉంటాయి. మీ పట్టింపు ఎంతవరకో మీరే తేల్చుకోవాలి.

నేను చేసిన ఒక తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. ఒకావిడ ఇంట్లో అల్లిన విసనకర్ర చూసి, ఎంత బాగుందో అని రెండుసార్లు అన్నాను. ఆవిడ లేచి, గోడ మీది నుంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. బయటికొచ్చాక గైడు నెమ్మదిగా చెప్పాడు: అడిగినదాన్ని లేదనకుండా ఇవ్వడం వాళ్ళ మర్యాద, అతిథి అంతగా మెచ్చుకుంటే అడిగినట్టే లెక్క. ఆ విసనకర్ర ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ గోడ మీద ఖాళీ అయిన చోటు గుర్తొస్తుంది. ఇళ్ళలోని వస్తువులను చూసి నవ్వండి, పొగడకండి. పొగడాలనిపిస్తే అమ్మకానికి పెట్టినవాటి దగ్గర పొగడండి, పొగిడి బేరమాడకుండా కొనండి. చాపలు, చెట్టు బెరడుతో చేసే మాసి బట్ట ఊరి ఆడవాళ్ళు చేతులతో చేసినవి. గవ్వలు, పగడపు ముక్కలు, తాబేటి చిప్పతో చేసినవి మాత్రం వద్దు. కొన్న ప్రతి చెక్క వస్తువు, చాప సిడ్నీలో దిగేటప్పుడు ఫారంలో రాసి చూపించాలి.

పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచకండి. మీరు టీచరు కదా, పలకలు, పెన్సిళ్ళు తీసుకెళ్ళాలనిపిస్తుంది. తప్పకుండా తీసుకెళ్ళండి, ఊరి పెద్ద చేతికో బడి టీచరు చేతికో ఇవ్వండి. ఓడలోని పళ్ళు, తినుబండారాలు మాత్రం ఒడ్డుకు తేవద్దు. చీడలు రాకుండా అక్కడ తనిఖీ గట్టిగా ఉంటుంది.

సెవుసెవు జరుగుతున్నంతసేపూ ఫోన్ లోపలే ఉంచండి. అయ్యాక అడిగితే ఫోటోలకు వాళ్ళే సంతోషంగా నిలబడతారు.

ద్రావుని సంగతి వేరు. అక్కడ రేవు లేదు, ఓడ దూరంగా ఆగితే చిన్న పడవల్లో దింపుతారు. ఉన్నది ఒక్కటే ఊరు, గట్టిగా లెక్కపెడితే వంద పైచిలుకు మనుషులు. ఓడలోంచి వచ్చేది వేలల్లో. ఓడ వాళ్ళు ఊరితో ముందే మాట్లాడుకుని ఉంటారు కాబట్టి మీరు విడిగా సెవుసెవు చేయనక్కర్లేదు. కానీ ఆ జనంలో ఇళ్ళ మధ్యకు వెళ్ళి తొంగి చూడకండి. ఒడ్డున చెట్ల కింద వాళ్ళు పెట్టుకున్న కొట్ల దగ్గర కొబ్బరిబోండాం తాగండి, ఏదైనా కొనండి. కార్డులు పనిచేయవనుకుని చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి. మీ పిల్లలు కొండెక్కుతామంటే ఎక్కనివ్వండి, పైనుంచి పగడపు దిబ్బలు కనిపిస్తాయి. ఈతబట్టలు ఒడ్డు వరకే, ఊరి వైపు నడిచేటప్పుడు పైన ఏదైనా చుట్టుకోమనండి. ఆ రోజు ఆదివారమైతే ఇంకా నెమ్మదిగా ఉండాలి. చర్చికి వెళ్ళే రోజు అది, ఊరంతా తెల్లబట్టల్లో ఉంటుంది.

మీరు అడగని విషయం ఒకటుంది. మీలో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే ఆ రోజు ఓడ దిగకండి, టికెట్ డబ్బు పోతే పోనివ్వండి. 1875 జనవరిలో డైడో అనే బ్రిటిష్ యుద్ధనౌక ఫిజీ రాజు తకొంబౌను సిడ్నీ నుంచి ఇంటికి చేర్చింది. ఆయన కొడుకులకు ఓడలోనే తట్టు సోకింది. స్వాగతం చెప్పడానికి దీవులన్నిటి నుంచీ వచ్చిన పెద్దలు ఆ జబ్బును వెంటబెట్టుకుని తమ ఊళ్ళకు వెళ్ళారు. కొన్ని నెలల్లో 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా, అంటే నలుగురిలో ఒకరికి పైగా. అంతెందుకు, 2019లో పక్కనే ఉన్న సమోవాలో తట్టు 83 మందిని తీసుకుపోయింది, చాలావరకు చిన్నపిల్లలే. మీ ఓడ కదిలేది కూడా సిడ్నీ నుంచే. మీ మనవలకు టీకాలన్నీ పడ్డాయో లేదో ఇప్పుడే చూడమనండి. మీ ఇద్దరి ఆస్ట్రేలియా వీసా తిరిగి లోపలికి రానిచ్చేదేనా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే ఓడ ఎక్కాక ఇబ్బంది.

యంగోనా కట్ట టూరువాళ్ళే గ్రూపు మొత్తానికి ఒకటి తెస్తారు. తాము తేము అంటే లౌతోక బజారులో కొనండి. పొడి కాదు, వేళ్ళే అడగండి. అరకిలో చాలు, కాగితంలో చుట్టి రిబ్బను కట్టి ఇస్తారు. అమ్మేవాళ్ళలో మన రంగు, మన పోలిక ఉన్నవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ముందు హిందీలో పలకరించి, బేరం అయ్యాక మీ తాతలది ఏ ఊరని అడగండి. వాళ్ళు ఉత్తరప్రదేశ్ పేరు చెప్పొచ్చు, మద్రాసు అని ఊరుకోవచ్చు. ఒక్కరైనా తాతమ్మది గోదావరి అంటే, మరేం మాట్లాడాలో మీకే తోస్తుంది.